పేరు రాయని గుండ్రం

వచ్చేసిందప్పా, నాకు డాక్టరేటు వచ్చేసింది! ఈ పొద్దు మద్దినం, తిరుపతిలో, నిండు హాల్లో, ప్రొఫెసర్లందరి ముందర. అదీ రిటైరైనాక! మనవరాలు పలకబట్టుకోని బడికి పోతావుంటే తాత పోయి పరీక్ష పాసై వచ్చినాడు. ఇంగ నన్ను డాక్టర్ గురవయ్య అనాల. మా ఆడామె మాత్రం "డాక్టరైతే నా మోకాలి నొప్పికి మాత్ర రాసియ్యి మరి" అనింది. అననీ. ఈ పొద్దు ఎవరేమన్నా నాకు నవ్వే వస్తావుండాది.

మా ఇంట్లో మొదట డిగ్రీ చదివినోడ్ని నేనే. మా నాయన కార్వేటినగరం పక్కన బెల్లం గానుగల కాడ పాకం కాసేవాడు. నేను బీఏ పాసైనానని పరిగెత్తుకుంటా పోయి చెప్తే, గరిట కిందపెట్టకుండానే "ఇంగ అయిపోయినట్టేనా, ఇంకా ఏమన్నా ఉండాదా?" అని అడిగినాడు. అయిపోయింది నాయనా అని చెప్పినా. అప్పుడు నాకేం తెలుసు!

సరే, సంతోషంలో ఏదేదో రాస్తావుండా. అసలు సంగతికి వస్తా.

నా పని ఏంది

నా ఉద్యోగం పేరు చెప్తే మా ఊర్లో ఎవురికీ అర్థమయ్యేది కాదు. జనంలోకి మాట ఎట్ల పోతాది, పోయి వాళ్ళ బతుకుల్ని ఏం చేస్తాది అని చూసే విభాగం ఒకటి యూనివర్సిటీలో ఉండాది. మొదట పేపరు, రేడియో. తర్వాత టీవీ. ఇప్పుడు ఫోను. ఆ విభాగం తరఫున ఊర్లు తిరిగి మనుషులతో మాట్లాడి వచ్చేది నా పని. ఏసీ గదిలో కూర్చోని పుస్తకం రాసేది పెద్దోళ్ళు. ఎండలో తిరిగేది మేము. మా మామ అయితే చుట్టాలకు "మా అల్లుడు ఊర్లో గాలి కబుర్లు ఏరుకోని పోయి గవర్నమెంటుకు అమ్ముతాడు" అని చెప్పేవాడు. తీరా చూస్తే పెద్ద తప్పేం చెప్పలా.

ప్రమోషన్లు, అరియర్సు, ఫైళ్ళు, వాటి జోలికి పోను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లోళ్ళు ఏటేటా ఉండారు. టాబ్ ఒకటి చేతికిచ్చి ఊరికి పంపతావుండారు వాళ్ళని. వాళ్ళకోసం రాస్తావుండా ఇది.

పెద్దసారు

నేను చేరినప్పుడు మా విభాగానికి ఒక పెద్దసారు ఉండేవాడు. కోపం జాస్తి, పని తెలిసినోడు. మొదటి ఊరికి పోతావుంటే నా చేతిలో ప్రశ్నల కాగితాలు చూసి, లాక్కోని తన సంచిలో పెట్టుకున్నాడు.

"ఈ పొద్దు పోయి గమ్మున కూర్చో."

"ఏం అడగాల సార్?"

"నువ్వేం అడగొద్దు. వాళ్ళు నిన్ను అడగతారు. యా ఊరు, ఎవురి కొడుకు, పెండ్లయిందా, జీతమెంత. అన్నీ చెప్పు. నీ గుట్టు వాళ్ళకు ఇస్తేనే వాళ్ళ గుట్టు నీకిస్తారు."

ఆ మాట నేను ముప్పై ఏండ్లు పాటించినా. కొత్త పిల్లోళ్ళకు టైము లేదంట. ఇంటికి పావుగంట లెక్కన పూర్తి చెయ్యాలంట. చెయ్యండి. వచ్చేదేందో కూడా చెప్తా వినండి. ఒకసారి పైనించి వచ్చిన ప్రశ్నల్లో "మీకు ఫోన్ ఉందా?" అని ఉన్నింది. ఊర్లో ఆడోళ్ళంతా లేదన్నారు. రిపోర్టులో ఆ ఊరి ఆడోళ్ళకు ఫోన్ కబుర్లు చేరవని రాసేసినారు. వాళ్ళకు ఫోన్ లేని మాట నిజమే. ఉండేది ఇంటి ఫోను. మొగోడు బయట తిప్పుకోని వచ్చి చార్జింగు పెట్టినాక, అది పొయ్యి కాడ ఆడోళ్ళ చేతుల్లోనే ఉంటాది. అడిగింది ఒకటి, తెలుసుకోవాల్సింది ఇంకొకటి.

పెద్దసారు చెప్పిన ఇంకో మాట కూడా రాస్తా. ఊరోళ్ళు నీతో వాదం పెట్టుకుంటే నీ మాట చెవికెక్కినట్టు. "సరే సార్" అన్నారా, ఎక్కలేదని రాసుకో అనేవాడు. అది ఎంత నిజమో నాకు బియ్యం గొడవలో తెలిసొచ్చింది.

బియ్యం గొడవ

రిటైరయ్యే ముందర జరిగింది ఇది. పూతలపట్టు కాడ ఒక పల్లె. పేరు రాయను. ఆ పల్లె బడిలో మద్దినం బువ్వ వండేది గోవిందమ్మ అనే ఆమె. మొగుడు లేడు, ఇద్దరు ఆడబిడ్డలు, ఆ వంటపనే ఆధారం. ఈమె చేతి సాంబారు కోసమని పక్క ఊరి పిల్లోళ్ళు గూడా ఈ బడికే వస్తారని చెప్పుకునేవాళ్ళు.

రేషన్ బియ్యంలో, బడి బియ్యంలో బలం కోసమని వేరే రకం గింజలు కలిపి ఇస్తావుండారు గదా. అవి రవ్వంత తెల్లగా ఉంటాయి, కడిగితే కొన్ని పైకి తేలతాయి. ఆ ఊర్లో ఎవురో అది చూసినారు. వారం తిరక్కుండా "ప్లాస్టిక్ బియ్యం" అని ఊరంతా పాకిపోయింది. ఫోన్లలో ఒకరి గొంతు మీద ఒకరి గొంతు. పోనుపోను దానికి తోకలు మొలిచినాయి. గోవిందమ్మ మంచి బియ్యం చిత్తూరు అంగట్లో అమ్మేసి, ఆ స్థానంలో ప్లాస్టిక్ కొనుక్కొచ్చి పిల్లోళ్ళకు వండతావుండాదంట!

"బియ్యంకన్నా ప్లాస్టిక్ అగ్గువ గదా సార్, అందుకే" అని నాకు ఒకాయన లెక్క గూడా చెప్పినాడు. యాడ దొరుకుతాది, ఎవురమ్ముతారు అని అడిగితే "అదే గదా తెల్లేదు" అన్నాడు.

పిల్లోళ్ళు బళ్ళో అన్నం ముట్టడం మానేసినారు. ఇంట్లోనించి సంగటి ముద్దలు కట్టుకోని వచ్చేవాళ్ళు. ఈమె రోజూ వండేది, రోజూ కుక్కలకు పోసేది. గేటు కాడికి వచ్చి తిట్టిపొయ్యేవాళ్ళు కొందరు. ఈమెను తీసేసి వేరే మనిషిని పెట్టమని అర్జీ గూడా పెట్టినారు.

ఆఫీసోళ్ళు వచ్చినారు. తెర కట్టి వీడియో చూపించినారు, ఆ గింజల్లో ఏముండాదో చెప్పినారు. మంచిగానే చెప్పినారు, తప్పు పట్టేదానికి లేదు. ఊరోళ్ళంతా నింపాదిగా చూసి "సరే సార్" అన్నారు. జీపు మలుపు తిరిగినాక పోయి, ఉండే రేషన్ బియ్యాన్ని కోళ్ళకు పోసినారు. నేను ఆడనే ఉండా. పెద్దసారు గుర్తుకొచ్చినాడు.

ఆ మాట ఎట్ల చచ్చిందో గూడా నేను చూసినా. కుప్పమ్మ అని ఒక పెద్దామె. గోవిందమ్మ ఇంటికి ఆనుకోనే ఈమె ఇల్లు. మధ్యగోడ మీద తగాదా, ఏండ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. అట్లాంటామె ఒక పొద్దున్నే చేట చేతబట్టుకోని గోవిందమ్మ వాకిట్లో నిలబడింది.

"ఏమే, ఒక సేరు బియ్యం చేబదులియ్యి. మా ఇంట్లో అయిపోయినాయి."

గోవిందమ్మ చేతిలో పని కిందపెట్టింది. లోపలికి పోయి అవే రేషన్ బియ్యం కొలిచి తెచ్చి పోసింది. కుప్పమ్మ ఇల్లు పక్కనే గదా, రెండడుగులేస్తే చేరతాది. ఆమె అట్ల పోలా. చేటలో బియ్యం పైట కప్పకుండా పట్టుకోని, ఊరి ఆడోళ్ళంతా బిందెలతో నిలబడుండే కొళాయి కాడికి పోయి, ఆడ చెరిగి, రాళ్ళేరి, నలుగురితో నాలుగు మాటలాడి, ఊరంతా చుట్టుకోని ఇంటికొచ్చింది. ఆ బియ్యం వండి మనవళ్ళను అరుగు మీద కూర్చోబెట్టి తినిపించింది.

అంతే. మా పక్క చేబదులంటే మీకు తెలుసు గదా. పగోళ్ళ ఇంట్లో ఎవురూ బియ్యం అడగరు, అడిగితే పగ పోయినట్టు. విషమని నమ్మినదాన్ని ఎవురూ బదులు తెచ్చుకోరు. ఒక్క చేటతో ఆమె రెండూ చెప్పింది. ఆ వారంలోనే పిల్లోళ్ళు మళ్ళీ బడి పళ్ళేలు కడుక్కోని వరసలో కూర్చున్నారు.

తర్వాత నేను కుప్పమ్మను అడిగినా, "ఆమెతో నీకు తగాదా గదమ్మా, ఎందుకు పోయినావు?" అని.

"తగాదా గోడకాడ సార్. దానికి ఆమె పొయ్యి ఆర్పేస్తారా?" అనింది.

మాట పుట్టిన చోటు

ఆ ఊరి కథనే నేను నా పరిశోధనకు పెట్టుకున్నా. రిటైరై ఇంట్లో కూర్చుంటే కాలు నిలవలా. నాకు గైడుగా కుదిరింది హసీనా మేడం. ఒకప్పుడు నా వెనకాల ఊర్లు తిరగను నేర్చుకున్న పిల్ల, తిరుపతిలో వాళ్ళ నాన్నకు గాజులంగడి. ఇప్పుడు ఆమె ప్రొఫెసరు, నేను విద్యార్థి. మొదటిరోజు లేచి నిలబడి "నమస్తే మేడం" అంటే ఆ పిల్ల మొహం దాచుకుంది. "సార్, మీరు నన్ను మేడం అన్నారని తెలిస్తే మా అమ్మీ చెప్పుతో కొడతాది."

ఊర్లో ఎవురు ఎవురికి చెప్పినారు, ఎవురి దగ్గర మాట ఎట్ల మారింది అని ఇల్లిల్లూ తిరిగి పటం గీసినా. మనిషికొక గుండ్రం, మాట పోయిన దిక్కుకు ఒక బాణం. గుండ్రంలో పేరుకు బదులు నంబరు. అందరూ చెప్పినారు, నవ్వుకుంటా చెప్పినారు. బాణాలన్నీ వెనక్కి వెనక్కి పోతే మొదటి గుండ్రం దగ్గర ఆగిపోయినాయి. అది ఎవురో ఊర్లో ఎవురికీ తెలీదు. ఎవుర్నడిగినా "నాకు వాళ్ళు చెప్పినారు" అనేదే.

ఒకరోజు నేను బస్సుకోసం కాసుకోనుంటే ఒకామె వచ్చి పక్కన నిలబడింది. ఎవురూ లేంది చూసి చెప్పింది. బియ్యం కడగతావుంటే గింజలు తేలినాయంట, భయమేసిందంట. బిడ్డలు తినే అన్నం గదా. బయటూర్లో తెలిసినోళ్ళను ఒకర్ని ఫోన్లో "ఇట్లుంటే తినొచ్చునా?" అని అడిగిందంట, అంతే. గోవిందమ్మ పేరు ఆమె నోట రాలా. ఆ మాట ఊరంతా తిరిగి, తోక తగిలించుకోని మళ్ళీ ఆమె గడపకే వచ్చింది.

"నేనడిగినా సార్, నేను చెప్పలా. ఆమె కుక్కలకు పోస్తావుంటే నాకు ముద్ద దిగలేదు. ఇప్పుడు తెలిసిందంటే ఊర్లో నా బిడ్డలు తల ఎత్తుకోని తిరగలేరు. రాయొద్దు సార్."

రాయనని మాటిచ్చినా. ఆమె పేరు కాదు, నంబరు గూడా ఇయ్యలా. నంబరుకు ముందూ వెనకా బాణాలుంటాయి, ఆ ఊరోళ్ళు పట్టుకుంటారు. మొదటి గుండ్రం ఖాళీగా పెట్టి, "పరిశోధకుడికి తెలుసు, ఇచ్చిన మాట ప్రకారం రాయలేదు" అని కింద ఒక వాక్యం పెట్టినా.

హసీనా మేడం చదివి పెన్ను కిందపెట్టింది. "సార్, దీన్ని పట్టుకుంటారు. డిగ్రీనే ఆగిపోవచ్చు."

"ఆగనీమ్మా."

అన్నానేగానీ, ఆ రాత్రి లేచి కూర్చోని ఆ పేజీనే తిరగేసినా. ఆగిపోతే? ఈ వయసులో మళ్ళీ యాడ మొదలుపెట్టేది?

వ్యాను నిండా జనం

వైవా అంటే చివర పెట్టే నోటి పరీక్ష. బయటోళ్ళు గూడా వచ్చి వినొచ్చు, అది రూలు. అంతే, నాకు పెండ్లికొచ్చినంత సంబరమొచ్చేసింది. ఆ పల్లెకు పోయి ఇంటింటికీ కుంకం పెట్టి పిలిచినా. గోవిందమ్మనూ పిలిచినా, కుప్పమ్మనూ పిలిచినా. వరసలో ఒక ఇల్లు వదిలిపెడితే తప్పు గదా, బస్టాపు కాడ మాట్లాడినామెనూ పిలిచినా. మా ఆడామె ఒకటే అడిగింది, "అంతమందికి అన్నం యాడ పెడతావు?" అని. దాని గురించే ఆలోచించినాగానీ, పరీక్షలో ఏమడగతారో, ఎవురి ముందర అడగతారో అనేది బుర్రకెక్కలా. ముప్పై ఏండ్లు మాట గురించి పనిచేసినోడ్ని!

పొద్దున్నే ఆ ఊరి చెంగల్రాయులు వ్యానులో అందరూ వచ్చి దిగినారు. పూలదండ, చక్కెర పొట్లం, డ్రైవరు చెంగల్రాయులు చేతిలో ఒక శాలువా. మా విభాగం అటెండరు చూసి "సార్, మేళం వెనకాల వస్తావుండాదా?" అన్నాడు.

పరీక్ష పెట్టేదానికి చెన్నై నుంచి ఒక పెద్దాయన వచ్చినాడు. తెలుగాయనే. మంచి మనిషి, మర్యాదగా అడిగినాడు. చేబదులు భాగం ఆయనకు బాగా నచ్చింది. కుప్పమ్మ పేరు వింటానే వెనక బెంచీల్లో "ఇదో ఈమే సార్, ఈమే!" అని లేపి నిలబెట్టినారు. ఆమె "కూర్చోనీండ్రా" అని తిట్టింది. హాలంతా నవ్వు. నాకు గాల్లో తేలినట్టుండాది.

అప్పుడు ఆయన పటం తీసినాడు. వేలు పోయి ఆ ఖాళీ గుండ్రం మీద ఆగింది.

"గురవయ్య గారూ, ఇక్కడ ఎవరు?"

నేను నోరు తెరిచేలోపల వెనకనించి చెంగల్రాయులు గొంతు. "అదే సార్! ఇన్నేండ్లుగా మేమూ అదే అడగతావుండాం!"

మళ్ళీ నవ్వినారు. ఈసారి నేను నవ్వలా. ఎంత పని చేసినానో అప్పుడు తెలిసింది. ఊరంతటినీ పిలిచి, ఆమెను వాళ్ళ మధ్యలో కూర్చోబెట్టి, ఆమె గుట్టు అడిగే చోటికి నేనే తీసుకొచ్చినా. నా చూపు ఆ బెంచీ మీదికి ఒక్కసారి పోయిందంటే చాలు, అయిపోయినట్టే. ఎదురుగా గోడకు ఫ్యాను స్విచ్చులుండాయి. వాటిమీద పెట్టినా కండ్లు.

"చెప్పనని మాటిచ్చినా సార్."

"సరే, అందరి ముందు వద్దు. చీటీ మీద రాసి నా ఒక్కడికి ఇవ్వండి. చూసి చించేస్తాను."

"నాకొక్కడికే చెప్పింది సార్ ఆ మనిషి. మీకు గూడా అని చెప్పలా."

ఆయన కండ్లద్దాలు తీసినాడు. "అప్పుడు నేను దీన్ని ఎలా నమ్మాలి? రేపు ఎవరైనా ఇలా ఖాళీ గుండ్రం గీసి, నాకు తెలుసు కానీ చెప్పను అంటే?"

ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. కొత్త పిల్లోళ్ళకు నేను గట్టిగా చెప్పేది అదే, ఆ ప్రశ్న అడగాల్సిందే. హసీనా మేడం తల దించుకోని ఉండాది.

"నమ్మొద్దు సార్ దాన్ని. ఆ ఒక్క గుండ్రం కొట్టేయండి. మిగిలిన వాళ్ళంతా చెప్పినారు, వేలిముద్ర వేసినారు, సగంమంది ఈడనే కూర్చోనుండారు. అది లేకుండా నా మాట నిలబడతాదేమో చూడండి. నిలబడకపోతే డిగ్రీ ఇయ్యొద్దు. అదే వ్యానెక్కి ఇంటికి పోతా."

ఆయన కాగితాలు మొదట్నించి తిరగేసినాడు. తర్వాత మమ్మల్నందర్నీ బయటికి పంపి తలుపేసుకున్నారు.

వరండాలో చెంగల్రాయులు నా పక్కకొచ్చి మెల్లగా "పేరు చెప్పేస్తే పొయ్యేది గదన్నా" అన్నాడు. "నీ పేరైతే?" అంటి. శాలువా సర్దుకోని అవతలికి పోయినాడు.

తలుపు తీసి హసీనా మేడం వచ్చింది. కండ్లనిండా నీళ్ళు, నోటినిండా నవ్వు. "డాక్టర్ గురవయ్య గారూ, లోపలికి రండి." ఒకటే షరతు పెట్టినాడు ఆయన. ఆ గుండ్రం ఎందుకు ఖాళీగా ఉండాదో ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా ఒక పేజీ నిండా రాయాలంట. రాస్తా సార్, పది పేజీలు రాస్తా!

క్యాంటీన్లో

అందరూ భోజనాలకు కూర్చున్నాక గోవిందమ్మ తన ఆకు తీసుకోని నా పక్కకొచ్చింది.

"సార్, నాకు తెలుసు అదెవురో."

ఎవురన్నా విన్నారేమోనని అటూ ఇటూ చూసినా. "పేరు చెప్పొద్దమ్మా."

"నేనెందుకు చెప్తా? చెప్పేదాన్నయితే ఆపొద్దే చెప్పుండనా?" అని సాంబారు కలుపుకునింది. "ఈళ్ళకు చింతపండు పులుపు చేతగాదు సార్" అని ఇంకో ముద్ద తినింది.

ఎట్ల తెలుసని నేనడగలా. ఆమె చెప్పలా. అందరికన్నా నష్టపోయిన మనిషి, ఊర్లో రోజూ ఎదురుపడే మనిషి పేరు నోట్లో పెట్టుకోని ఇన్నేండ్లు బతికింది.

ఈ పనిలోకి వచ్చే పిల్లోళ్ళకు నా చివరి మాట ఇదే అనుకోండి. జనం ఏం చెప్పుకుంటారో, ఎంత వేగంగా చెప్పుకుంటారో మేము ఇన్నేండ్లూ కొలిచినాం. చెప్పగలిగి గూడా ఏం చెప్పకుండా ఆపుకుంటారో కొలవను మాకు చేతగాలా. ఊరు కలిసుండేది చానామటుకు దానివల్లే అని నాకిప్పుడు అనిపిస్తావుండాది. మీరన్నా చూడండి, ఎట్ల కొలుస్తారో.

ఇంగా ఫోన్ చెయ్యాల్సినోళ్ళు

శ్రీ సిటీలో పనిచేసే నా కొడుక్కు. షిఫ్టులో ఉండాడు, ఫోను లోపలికి తీసుకుపోనియ్యరు. దిగంగానే.

మా పెద్దసారు ఇంటికి. ఆయన లేడు. ఆయన భార్యకు చెప్పాల, గట్టిగా అరిచి చెప్పాల, చెవులు వినపడవు.

మా మామకు. గాలి కబుర్లకు గూడా డాక్టరేటు ఇస్తారని.

చెంగల్రాయులుకు. వ్యానులో ఎవురిదో చెప్పు ఒకటి మిగిలిపోయిందంట. అదేమైందో.

హసీనా మేడం వాళ్ళమ్మకు. కూతుర్ని మేడం అంటానే ఉంటానని, తిట్టేదుంటే నన్నే తిట్టమని.

చెన్నై సారుకు. థాంక్స్ చెప్పను మర్చిపోయినా.

ఇంకొకామెకు. హాల్లో ఆమెకల్లా చూడనేలేదు, పలకరించనూలేదు. వ్యానెక్కేటప్పుడు గూడా. ఇంట్లో ఆమె ఒక్కతే ఉండే పొద్దు చూసి చెయ్యాల.